అడిగేవాళ్లను ఏర్పాటు చేసుకో, తల్లీ

అమ్మలూ,

యూనివర్సిటీ పుస్తకాలు చేతికొచ్చి చాలా రోజులైందని, ఇంతవరకూ ఒక్క యూనిట్ కూడా పూర్తిచేయలేదని, పుస్తకం తెరిస్తే గుండె దడదడలాడుతోందని మెసేజ్ పెట్టావు. చివర్న “నాకిక చదువు అబ్బదేమో పెదనాన్నా” అన్నావు. ఆ ఆఖరి మాట ఒక్కటే నేను ఒప్పుకోను. మిగతాదంతా నిజమేనని తెలుసు. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో రోజంతా జనం విసుగునీ కన్నీళ్లనీ ఎదురుగా చూసి, హాస్టల్‌కొచ్చి, ముగ్గురుండే గదిలో మంచం మీద కూర్చుని బీఏ పాఠం చదవడం తేలికైన పనేం కాదు.

చాలా ఏళ్లు ఆదివారాలు స్టడీ సెంటర్‌లో పాఠాలు చెప్పినవాణ్ణి. కానిస్టేబుళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, ఆర్టీసీ కండక్టర్లు, చంటిపిల్లను అత్తగారికి అప్పజెప్పి పరుగున వచ్చే కోడళ్లు నా క్లాసులో కూర్చున్నారు. మధ్యలో మానేసినవాళ్లనూ చూశాను. తెలివి చాలక మానేసినవాళ్లు వాళ్లలో ఎవరూ లేరు. జరిగేది వేరు. ఒక ఆదివారం డ్యూటీ పడి రాలేరు. పై వారం రావడానికి మొహమాటం. ఆ పై వారానికి పుస్తకాలు అటకెక్కుతాయి. ఎందుకు రాలేదమ్మా అని అడిగే దిక్కుండదు. రోజూ వెళ్లే కాలేజీలో నాలుగు రోజులు కనపడకపోతే పక్కసీటు పిల్ల ఫోన్ చేస్తుంది, హాజరు పిలిచే లెక్చరర్ నీ పేరు దగ్గర ఒక్క క్షణం తలెత్తి చూస్తాడు. దూరవిద్యలో నువ్వు ఆగిపోయిన సంగతి నీకొక్కదానికే తెలుస్తుంది. ఎవరికీ చెప్పుకోని ఆ సంగతి లోపల సిగ్గుగా మారుతుంది. సిగ్గు ముదిరి భయమవుతుంది. భయమే ఆఖరికి “నాకు చదువు రాదు” అని తీర్పు చెప్పేస్తుంది.

అందుకే నేను చెప్పదలచింది ముఖ్యంగా ఒక్కటే. నిన్ను అడిగేవాళ్లను నువ్వే ఏర్పాటు చేసుకో. చదువుకీ, మనసుకీ కూడా.

ఈ చదువును మొదలుపెట్టిన పెద్దలకు ఈ ఒంటరితనం సంగతి తెలుసు. 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటే అదే మొదటిది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. నువ్వు చేరింది అందులోనే. తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ ఆయన్నే మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకెళ్లారు. పుస్తకాలు పోస్టులో పంపించి ఊరుకుంటే యూనివర్సిటీకి ఖర్చు తక్కువే. అలా ఊరుకోకుండా ఊళ్లలో ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు తెరిచి, సెలవు రోజున పాఠం చెప్పే మనిషిని అక్కడ కూర్చోబెట్టారు. మన యూనివర్సిటీకి పదకొండేళ్ల ముందే, 1971లో పాఠాలు మొదలుపెట్టిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ కూడా టీవీనీ రేడియోనీ మాత్రమే నమ్ముకోలేదు. విద్యార్థులకు ట్యూటర్లను పెట్టింది, వేసవిలో అందరినీ ఒకచోట చేర్చి క్లాసులు నడిపింది. మనిషి మొహం చూడకుండా చదువు సాగదని వాళ్లందరికీ మొదటిరోజే తెలుసు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన మైఖేల్ మూర్ అనే ఆచార్యుడు దూరవిద్య మీద ఒక సిద్ధాంతమే కట్టాడు. విద్యార్థికీ గురువుకీ మధ్య దూరాన్ని మైళ్లలో కొలవకూడదని, మాటామంతీ పెరిగినకొద్దీ ఆ దూరం తగ్గుతుందని దాని సారాంశం. నేను పుస్తకంలో చదవకముందే మా క్లాసులో కండక్టరు, కానిస్టేబులు దాన్ని నాకు చూపించారు. క్లాసయ్యాక బయట టీ తాగుతూ పది నిమిషాలు మాట్లాడుకుని వెళ్లినవాళ్లు పై వారం కూడా వచ్చేవాళ్లు.

మరి నువ్వేం చేయాలంటే, ముందు స్టడీ సెంటర్‌కు వెళ్లు. చాలా కోర్సుల్లో ఈ క్లాసులకు రావాలనే నిర్బంధం లేదు; అందుకే ఎక్కువమంది రారు. నువ్వు పాఠం కోసం వెళ్లకపోయినా ఫరవాలేదు, మనుషుల కోసం వెళ్లు. నీలాగే ఉద్యోగం చేసుకుంటూ చదివే ఇద్దర్ని వెతుక్కో. ఇద్దరు చాలు. వారానికొక రోజు, ఒక వేళ అనుకుని ఫోన్‌లో “ఏం చదివావు, ఎక్కడ ఆగావు” అని ఒకరినొకరు అడగండి. పాఠాలు అప్పజెప్పించుకోవాల్సిన పని లేదు. చదవలేదంటే చదవలేదని చెప్పగలిగే చోటు ఒకటి ఉండాలి, అంతే. కోఆర్డినేటర్‌కు నీ పేరు, నువ్వెక్కడ పనిచేస్తావో చెప్పి ఉంచు. రేపు పరీక్ష ఫీజు దగ్గరో హాల్‌టికెట్ దగ్గరో ఇబ్బంది వస్తే పరాయి ఆఫీసుకు వెళ్లినట్టు ఉండదు.

వాట్సాప్ గ్రూపులో చేరానన్నావు. సమాచారానికి అది అక్కరకొస్తుంది, ధైర్యానికి అంతగా రాదు. పరీక్షలు వాయిదా పడ్డాయట, సిలబస్ మారిందట, ఫీజు గడువు నిన్ననే అయిపోయిందట అని అర్ధరాత్రి ఎవరో పెడతారు. నిజమో కాదో తేలేలోపు నీ నిద్ర పోతుంది. గ్రూపును మ్యూట్‌లో పెట్టు. రోజుకొకసారి చూడు. తేదీలు మాత్రం యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో చూసుకుని, చేతిరాతతో ఒక కాగితం మీద రాసి మంచం పక్క గోడకు అంటించు. కళ్లెదుట ఉన్న తేదీ కన్నా ఎప్పుడో తెలియని తేదీ ఎక్కువ భయపెడుతుంది.

ఇక పుస్తకాల సంగతి. ఆ పుస్తకాలు గైడ్లలా రాసినవి కావు. ప్రతి యూనిట్ మొదట్లో దాని లక్ష్యాలుంటాయి, మధ్యమధ్య నిన్ను నువ్వు పరీక్షించుకునే ప్రశ్నలుంటాయి, చివర నమూనా పరీక్ష ప్రశ్నలుంటాయి. ఎదురుగా గురువు లేని పిల్ల చదువుతుందని తెలిసి అలా కూర్చారు. అందుకని మొదటి పేజీ నుంచి పట్టుకుని వరసగా ఈదాలని చూడకు. ముందు చివరి ప్రశ్నలు చదువు, తర్వాత లక్ష్యాలు చూడు, అప్పుడు పాఠంలోకి వెళ్లు. ఏం వెతుకుతున్నావో తెలిసి చదివితే అలసట సగం తగ్గుతుంది. ఈ వారానికి ఒక్క సబ్జెక్టు, ఒక్క యూనిట్. మిగతా పుస్తకాలు బీరువాలో పెట్టెయ్. కుప్పగా ఎదురుగా ఉంటే అవి నిన్ను చదవనివ్వవు.

ఎంతసేపు చదవాలంటావా? రోజూ 40 నిమిషాలు, ఒకే వేళకు. డ్యూటీకి వెళ్లేముందైతే మేలు. సాయంత్రానికి నీలో మిగిలేది తక్కువ. ఆదివారం ఎనిమిది గంటలు కూర్చుని వారం బాకీ తీర్చేస్తానని మాత్రం అనుకోకు. జ్ఞాపకశక్తి మీద జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే శాస్త్రవేత్త తనమీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో పుస్తకం వేశాడు. నేర్చినదాంట్లో చాలా భాగం మొదటి రోజుల్లోనే జారిపోతుందని, ఒకేసారి రుద్దడం కన్నా రోజులు ఎడమిచ్చి మళ్లీ మళ్లీ చూస్తే నిలుస్తుందని అందులో తేల్చాడు. కాబట్టి నిన్న చదివింది ఇవాళ గుర్తులేకపోతే నీ బుర్రలో లోపం ఉందని బెంగపడకు. అందరికీ అంతే. మర్నాడు ఐదు నిమిషాలు, వారానికి ఐదు నిమిషాలు వెనక్కి తిరిగి చూసుకో. ఒకరోజు తప్పిపోతే తప్పిపోయింది. మర్నాడు 80 నిమిషాలు చేసి సరిచేయాలని చూడకు. మళ్లీ 40తోనే మొదలుపెట్టు. బాకీ లెక్కలు చదువును అప్పులా మార్చేస్తాయి. అప్పులవాడి ఇంటి దారిన వెళ్లడానికి ఎవరికి కాళ్లాడతాయి?

నిద్ర తగ్గించి చదువుతానన్నావు. అది మాత్రం వద్దు. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది కూడా నిద్రలోనే. రాత్రి రెండింటి దాకా కళ్లు పొడుచుకుని చదివి, పొద్దున కౌంటర్‌లో చిల్లర తప్పిచ్చి చీవాట్లు తిని, ఆ కోపంతో మళ్లీ పుస్తకం పట్టుకుంటే ఏం లాభం? నైట్ డ్యూటీ పడిన వారం చదువు సగానికి తగ్గించుకో, పగటినిద్ర ఎవరు లేపినా వదులుకోకు. ఫోన్ తలగడ కింద పెట్టి పడుకోకు. సాయంత్రం దాటాక టీ, కాఫీలు వద్దు. బావిలో నీళ్లు తోడిన తర్వాత ఊరడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి కదా, మనసూ అంతే.

ఒంటిని కూడా చూసుకో. హాస్టల్ టిఫిన్ బాగుండదని పొద్దున ఏమీ తినకుండా వెళ్తున్నావని మీ అమ్మ మీ పెద్దమ్మతో చెప్పి బాధపడింది. రెండు అరటిపళ్లు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేయించిన పల్లీలు నీకు భారం కావు. వారానికి 150 నిమిషాలైనా కాస్త చురుగ్గా నడవడం లాంటి శ్రమ ఒంటికి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హాస్టల్‌కు రెండు స్టాపుల ముందు బస్సు దిగితే అందులో చాలా భాగం తీరిపోతుంది. ఇంకో మాట. ఎప్పుడూ నీరసం, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఇవన్నీ మనసు వల్లే రావాలని లేదు. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ తక్కువగా ఉన్నా, బి12 విటమిన్ చాలకపోయినా ఇలాగే ఉంటుంది. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎంత ఎక్కువో నువ్వు రోజూ రాసే బిల్లులే చెబుతాయి. పనిచేసేది ఆసుపత్రిలోనే కదా, డాక్టర్‌ను అడిగి ఒకసారి రక్తపరీక్ష చేయించుకో.

నీ మెసేజ్‌లో రాయకపోయినా నాకు తెలిసిన దిగులు ఒకటుంది. మీ బాబాయి పిల్లలు ఇంజినీరింగ్ కాలేజీ ఫొటోలు పెడతారు. పెళ్లిలో ఎవరో అత్తయ్య “ఓపెన్ డిగ్రీనా?” అని సాగదీస్తుంది. ఆ సాగదీతకు జవాబు నీ దగ్గర ఉండాలి. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయాలు దూరవిద్య ద్వారా, ఆన్‌లైన్ ద్వారా ఇచ్చే డిగ్రీలు కాలేజీకి వెళ్లి తీసుకున్న డిగ్రీలతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులో ప్రకటించింది. ఈ మాట అత్తయ్యతో అనకపోయినా ఫరవాలేదు, నీకు నువ్వు చెప్పుకుంటే చాలు. ఇంటర్ తర్వాత తమ్ముడి ఫీజు కోసం నీ చదువు ఆగింది. సొంత జీతంలోంచి ఫీజు కట్టుకుని మళ్లీ మొదలుపెట్టావు. పద్దెనిమిదేళ్లకు నాన్న కట్టిన ఫీజుతో చదివేవాళ్ల వేగంతో నీ వేగాన్ని కొలవడం న్యాయం కాదు. ఇన్‌స్టాలో వాళ్ల ఫొటోలు చూసినప్పుడల్లా మనసు కుంగుతుంటే పరీక్షలయ్యేదాకా ఆ యాప్ తీసెయ్. చుట్టాలు ఎక్కడికీ పోరు.

పరీక్షలంటే భయమన్నావు. పరీక్ష తేదీకి నువ్వు సిద్ధంగా లేకపోతే ఈ చదువులో తలుపు మూసేయరు. రాయలేకపోయిన పేపరు, తప్పిన పేపరు మళ్లీ రాసుకోవచ్చు. ఉదాహరణకు ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లలోపు పూర్తిచేయవచ్చు, జూన్‌లోనూ డిసెంబరులోనూ ఏడాదికి రెండుసార్లు పరీక్షలు పెడతారు. నీ కోర్సుకు ఎంత గడువుందో ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది, ఒకసారి చదువు. సంసారాలు, ఉద్యోగాలు ఉన్నవాళ్ల కోసమే ఆ వెసులుబాటు పెట్టారు. దాన్ని వాడుకోవడంలో చిన్నతనం లేదు. అయితే “తర్వాత రాద్దాంలే” అని అన్ని పేపర్లూ వదిలేయకు. రాయగలిగిన రెండు రాయి. హాల్లో కూర్చుని వచ్చాక భయం తగ్గినంతగా ఇంట్లో కూర్చుంటే తగ్గదు. పాత ప్రశ్నపత్రాలు రెండు తెచ్చుకుని, గడియారం పెట్టుకుని ఒక్క జవాబైనా చేత్తో రాసి చూడు. రోజంతా కీబోర్డు మీద ఉండే వేళ్లకు కలం అలవాటు తప్పిపోతుంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను, తల్లీ. పరీక్షల ముందు దిగులు వస్తుంది, పోతుంది. పోకుండా రెండు వారాలపాటు దాదాపు రోజంతా మనసు మబ్బు పట్టినట్టే ఉంటే, ఇష్టమైనవి కూడా రుచించకపోతే, నిద్రా తిండీ బాగా తగ్గినా మితిమీరినా, నేను దేనికీ పనికిరానని పదేపదే అనిపిస్తే, దాన్ని బద్ధకమనో బలహీనతనో అనుకోకు. అది వైద్యంతో తగ్గే జబ్బు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, టెలి మానస్ అనే ఫోన్ సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. పగలైనా రాత్రైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఏం మాట్లాడాలో తెలియకపోతే “నాకు బాగుండట్లేదు” అని మొదలుపెట్టు. మిగతాది వాళ్లే అడుగుతారు. నేరుగా వెళ్లాలంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది, విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

ఎర్రగడ్డ అనగానే నువ్వు నవ్వుతావని తెలుసు. సినిమాలు ఆ పేరును అంత ఎగతాళి చేశాయి. అక్కడ ఓపీ వరసలో నిలబడేవాళ్లలో చాలామంది నాలాంటి, నీలాంటి మామూలు మనుషులే. నిద్రపట్టని ఉద్యోగి, పరీక్ష భయంతో వణికే కుర్రాడు, కాన్పు తర్వాత దిగులుపడిన తల్లి. ఎవరికైనా తెలిస్తే రేపు సంబంధాలు రావేమోనని నీ భయమైతే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నీ వైద్యం వివరాలు గోప్యంగా ఉండే హక్కును నీకిచ్చింది. బీపీకి మాత్రలు వేసుకుంటున్నానని మీ నాన్న నలుగురిలో చెప్పుకుంటాడు. మనసుకు మాత్రలు వేసుకోవడం అంతకన్నా సిగ్గుపడాల్సిన పనేమీ కాదు. డాక్టర్ రాస్తే వేసుకో, కాస్త బాగుందని నీ అంతట నువ్వు ఆపెయ్యకు.

బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, క్షణికమేలే అని లోపల దాచుకోకు. ఆ క్షణం గదిలో ఒంటరిగా ఉండకు. పక్క మంచం పిల్లను లేపు. 14416కు ఫోన్ చెయ్యి, అవసరమైతే 108. నాకు చెయ్యి, మీ పెద్దమ్మకు చెయ్యి. అర్ధరాత్రి లేపావని తిట్టేవాళ్లు ఈ ఇంట్లో లేరు. నీ డిగ్రీ కన్నా నువ్వు మాకు ముఖ్యం. ఈ మాట నీకు తెలుసనుకుని ఇన్నాళ్లూ పెద్దవాళ్లం ఎవరమూ నోటితో అనలేదు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఫోన్ చేసినప్పుడల్లా “ఎంతవరకొచ్చింది చదువు” అని మొదలుపెట్టొద్దని, ముందు “తిన్నావా, పడుకున్నావా” అని అడగమని చెబుతాను. ఇంటికొచ్చిన రెండు రోజులూ నిన్ను వంటింట్లోకి తోసెయ్యొద్దని మీ అమ్మకు మీ పెద్దమ్మ చెబుతుంది. ఉద్యోగం చేసి వచ్చిన పిల్లకు ఆ రెండు రోజులు ఓ గంట తలుపేసుకుని కూర్చునే హక్కుండాలి. చదువుతావో, ఊరికే పడుకుంటావో నీ ఇష్టం.

వచ్చే ఆదివారం స్టడీ సెంటర్‌కు వెళ్లు. అక్కడ ఇద్దరి నంబర్లు తీసుకో. రాత్రికి నాకు ఫోన్ చెయ్యి. ఏం చదివావని అడగను, ఎవరిని కలిశావని అడుగుతాను. నువ్వు చేయకపోతే సోమవారం పొద్దున నేనే చేస్తాను.

మీ పెదనాన్న